ఆరో నరం

నా ఎడమ కన్ను ఎడమవైపు చూడదు. ఎదురుగా చూస్తుంది, కుడివైపు చూస్తుంది, పైకీ కిందికీ బాగానే తిరుగుతుంది. ఎడమవైపు చూడమంటే మాత్రం మధ్యలో ఆగి మొండికేస్తుంది. అటువైపు ఏం చూడాలన్నా నేను తల మొత్తం తిప్పుకోవాలి. దీనికి మందు లేదు. కోత కోసి మెడ వంకర కొంత సరిచేస్తారు గానీ ఆ కంటిని అటు తిప్పడం ఎవరివల్లా కాదు. పుట్టుకతో వచ్చింది, నాతోనే పోతుంది.

ఇంకో దేశంలో అయితే ఇది పెద్ద విషయం అయ్యేది కాదు. మా బల్గేరియాలో తల అటూ ఇటూ తిప్పితే ఔనని, గడ్డం పైకెత్తితే కాదని. ఎడమ పక్కన నిలబడి ఎవరేం అడిగినా నేను ముందు వాళ్ళ మొహం చూద్దామని తల తిప్పేదాన్ని, మళ్ళీ ఇటు తిప్పేదాన్ని. వాళ్ళు దాన్ని ఔనని లెక్కేసుకునేవాళ్ళు. బళ్ళో కిటికీ అద్దం పగలగొట్టింది నువ్వేనా అని టీచరమ్మ ఎడమ పక్కనుంచి అడిగిన రోజున, ఆమె వైపు చూసి మళ్ళీ బల్లవైపు తిరిగేలోపు నేరం ఒప్పేసుకున్నాను. ఊళ్ళో నాకు ‘ఔనమ్మ’ అని పేరు పడింది. “దీన్ని పెళ్ళికి ఒప్పించక్కర్లేదురా, పక్కన నిలబడి అడిగితే చాలు” అనేవాడు రొట్టెల కొట్టు ముసలాయన. ఆ ముసలాయన పోయాడు, పేరు మాత్రం ఉంది.

నా అసలు పేరు దఫీన. ప్లోవ్దివ్‌లో ఒక పరిశోధనశాలలో పనిచేస్తాను. కోడిగుడ్లలో పెరిగే పిండాల్ని చూస్తాను. కంటిని తిప్పే నరాలు మెదడునుంచి బయల్దేరి తమ కండరాల్ని ఎలా వెతుక్కుంటాయో తెలుసుకోవడం నా ఉద్యోగం. కన్ను వంకర కాబట్టే కళ్ళ మీద పడిందని జనం అంటారు. అననీ. పంటి నొప్పి ఉన్నవాడి నాలుక ఎక్కడికి పోతుంది?

శాస్త్రవేత్తలకి ఈ కన్ను గురించి తెలిసింది ఇంతే: ఎడమ కంటిని బయటి పక్కకి లాగే కండరం దగ్గరికి రావాల్సిన నరం రాలేదు. మా ఊరికి మాత్రం అసలు కారణం నేను పాలు తాగే వయసులోనే తెలిసిపోయింది. మెకిత్సలు.

మెకిత్సలంటే పెరుగు పోసి కలిపిన పిండిని చేత్తో సాగదీసి నూనెలో వేయించేవి. వాసన వీధి దాటి పోతుంది. కడుపుతో ఉన్న మనిషికి ఏ వంటింటి వాసనైనా తగిలితే పిలిచి ఒక్క ముక్కైనా పెట్టాలి. పెట్టకపోతే ఆ తీరని ఆశ పుట్టబోయే బిడ్డ ఒంటిమీద గుర్తై కూర్చుంటుంది. ఇది మా ఊళ్ళో చర్చి ఫాదరుకీ తెలుసు, ఆ రోజుల్లో ఏ దేవుణ్ణీ నమ్మని పార్టీ కార్యదర్శికీ తెలుసు.

మా నాన్న మించో, పెదనాన్న తాన్యో అన్నదమ్ములు. ఒకే వాకిలి, రెండిళ్ళు, మధ్యలో నడుమెత్తు కర్రల కంచె. పెద్దకోడలు స్తమెన, చిన్నకోడలు మా అమ్మ వెలిక. ఇద్దరూ ఒకే పొయ్యి మీద మిరపకాయలు కాల్చుకునేవాళ్ళట, ఒకే తొట్టిలో బట్టలు ఉతుక్కునేవాళ్ళట. అమ్మ ఐదో నెల కడుపుతో ఉన్న ఆ చలికాలం ఒక పొద్దున పెద్దమ్మ వంటింట్లోంచి మెకిత్సల వాసన వచ్చింది. అమ్మ వెళ్ళి కంచె దగ్గర నిలబడింది. అడుక్కోవడానికి వచ్చినట్టు ఉండకూడదని మొహం వీధివైపు పెట్టి, ఎడమ కంటి కొసతో మాత్రం ఆ కిటికీని చూస్తూ నిలబడిందట. పెద్దమ్మ కిటికీలోంచి చూసింది. చూసి, రెక్క మూసేసింది.

వేసవి మొదట్లో నేను పుట్టాను. నా చూపు సంగతి బయటపడ్డాక నాయనమ్మ అమ్మని నిలదీసింది. “కడుపుతో ఉన్నప్పుడు దేన్ని చూసి ఆశపడ్డావే?” అని. అమ్మకి మూసుకున్న కిటికీ గుర్తొచ్చింది. నన్ను చంకనేసుకుని కంచె దగ్గరికి పోయి, పెద్దమ్మ బయటికొచ్చేదాకా అరిచి, నన్ను ఎత్తి చూపించింది. “చూసుకో! నీ ముక్క దాచుకున్నందుకు నా బిడ్డకి కన్ను పోయింది. కళ్ళారా చూసుకో!”

పెద్దమ్మ ఒక్క మాట అనలేదు. మౌనం అర్ధాంగీకారం అంటారు, మా ఊరు దాన్ని పూర్తి అంగీకారం చేసింది. అమ్మ పట్టుబట్టి కంచె తీయించి మనిషెత్తు ఇటుక గోడ కట్టించింది. అన్నదమ్ములకి మాత్రం తగువేమీ లేదు. ఈ పక్క నాన్న ఇటుకలు పేరుస్తుంటే ఆ పక్కనుంచి పెదనాన్న తాడు పట్టుకుని, “నీ వైపు వంగుతోంది చూసుకోరా” అని చెప్పాడట. ఆ ఇద్దరూ ఇప్పుడు లేరు. గోడకి చెరో పక్క ఇద్దరు ముసలివాళ్ళు మిగిలారు.

పెద్దమ్మకి పిల్లల్లేరు. నా చిన్నప్పుడు నేను బడి బస్సు దిగేవేళకి తన గుమ్మం ముందు చీపురు పట్టుకుని ఉండేది. ఎప్పుడూ పలకరించలేదు. ఊడ్చిన చోటే ఊడుస్తూ నా ఎడమ కంటిని చూసేది. నాకు ఆమె అంటే భయంగా ఉండేది. పెద్దయ్యాక, చదువుకున్నాక, ఆమె మొహంలో ఉన్నది ఏమిటో అర్థమైంది. అది తప్పు చేశాననుకునే మనిషి మొహం. ఆమె చెయ్యని తప్పు అది. నాకు ఆ సంగతి తెలుసు, చాలాసార్లు అమ్మకి చెప్పాను. “నీ కోళ్ళ కబుర్లు నీ దగ్గరే పెట్టుకో” అనేది అమ్మ. పెద్దమ్మకి నేనే నేరుగా చెప్పొచ్చు కదా అని మీరు అడగొచ్చు. నేను చెప్తే ఏం లాభం? వేలెత్తి చూపింది అమ్మ, ఆ వేలు దించాల్సింది కూడా అమ్మే.

పోయిన శరదృతువులో అమ్మ ఫోన్ చేసింది.

“అది పోయేట్టుందట.”

“ఏది?”

“ఏదంటే ఏంటే? గోడవతల ఉన్నది. కాలేయం అంటున్నారు. ఆస్పత్రి వాళ్ళు ఇంటికి పంపించేశారు. నిన్ను ఒకసారి రమ్మని కబురు పెట్టింది.”

“అయితే వస్తా.”

“నువ్వు రావడానికి వీల్లేదు. పోయేవాళ్ళ చూపు మంచిది కాదు.”

“ఇప్పుడు ఇంకే కన్ను పోవాలని నాకు?”

“నోరు ముయ్యి. దాన్ని చూడాలని నీకంత సరదాగా ఉంటే, నేను పోయాక చూడు.”

“ఆమె పోతోంది అమ్మా. నువ్వు కాదు.”

ఆ మాటకి అమ్మ నన్ను తిట్టలేదు. ఫోన్ పెట్టేయలేదు కూడా. అమ్మకీ ఏదో గుచ్చుకుంటోందని నాకు అప్పుడు తెలిసింది. చెయ్యని తప్పుని నెత్తిన మోసుకుని ఆ మనిషి మట్టిలోకి పోకూడదు. పోయేలోపు అమ్మ ఆ ఇంటి గుమ్మం తొక్కాలి. నాకు కావాల్సింది అంతే, దానికోసం అబద్ధమాడటానికైనా సిద్ధపడ్డాను.

అంత అవసరం రాలేదు. ఆ వారమే అమ్మ కళ్ళలో ఒత్తిడి చూపించుకోవడానికి ప్లోవ్దివ్ వచ్చింది. ఆస్పత్రి అయ్యాక ఇంటికి అని చెప్పి పరిశోధనశాలకి తీసుకుపోయాను.

అమ్మ తలకి గుడ్డ కట్టుకుని, సంచీ ఒళ్ళో పెట్టుకుని, దొంగల కొంపలో కూర్చున్నట్టు కుర్చీ అంచున కూర్చుంది. నా తోటి ఉద్యోగి ఇల్కో కాఫీ తెచ్చి ఇచ్చాడు. వేడిపెట్టెలో వరసగా పేర్చిన గుడ్లని అమ్మ ఆ చివర్నుంచి ఈ చివరిదాకా చూసింది.

“ఇవన్నీ పుంజు తొక్కినవేనా?”

“అన్నీనండీ” అన్నాడు ఇల్కో.

“అయ్యయ్యో, ఎన్ని కోళ్ళయ్యేవి! ఏం చేస్తుంది మా పిల్ల వీటిని?”

“కిటికీలు పెడుతుందండీ.”

“ఇంట్లో విరిగిన కిటికీ బాగుచేయించమంటే మూడేళ్ళైంది, చేతకాలేదు. గుడ్లకి పెడుతోందా?”

ఇల్కో నవ్వు ఆపుకోలేక బయటికి పోయాడు. నేను ఒక గుడ్డు తీసి, పెంకు మీద గోరంత చెక్క కోసి తీసి, దీపం కింద పెట్టి అమ్మకి చూపించాను. లోపల పసుపు మీద ఎర్రటి సన్నటి పోగులు, మధ్యలో కొట్టుకుంటున్న ఒక చుక్క.

“గుండే!” అంది అమ్మ. శిలువ గుర్తు వేసుకుంది. ఆ తర్వాత తన గొంతు తగ్గించుకుంది, నిద్రపోతున్న పిల్ల పక్కన మాట్లాడేటప్పుడు చేసినట్టు.

తర్వాత తెర ముందు కూర్చోబెట్టాను. మేం పిండాన్ని ఒక దశలో ఆపేసి, నరాలకి మాత్రమే అంటుకునే రంగు పట్టించి, ఫోటో తీస్తాం. నల్లటి తెర మీద నరాలు ఆకుపచ్చగా వెలుగుతాయి.

“ఈ పెద్ద గుండ్రం ఏంటే?”

“కన్ను. కోడిపిల్ల మిగతా ఒళ్ళంతా తర్వాత చూసుకుంటుంది, ముందు కన్ను పెంచుకుంటుంది. దీన్ని తిప్పడానికి ఆరు కండరాలు, వాటికి మూడు నరాలు. ఇదిగో, ఈ సన్నటిది చూడు. దీన్ని ఆరో నరం అంటాం. కంటిని బయటిపక్కకి తిప్పేది ఇదే.”

“ఇది ఎక్కడో కిందనుంచి వస్తోందేం?”

“మెదడు అడుగునుంచి బయల్దేరుతుంది. కంటికి చాలా దూరం. ముందు దారంటూ వేసి ఉండదు. మెత్తటి కణాల మధ్యలోంచి పోవాలి. కొసన చిన్న చెయ్యి లాంటిది ఉంటుంది, దాన్ని చాపుకుంటూ, తడుముకుంటూ పోతుంది. చేరాల్సిన కండరం కూడా అప్పటికి పూర్తిగా తయారై ఉండదు. అదీ పెరుగుతుంటుంది, ఇదీ వస్తుంటుంది.”

“కళ్ళు లేని నరానికి ఎటు పోవాలో ఎవరు చెప్తారు?”

“దారిలో ఉన్న కణాలు. కొన్ని రమ్మంటాయి, కొన్ని పొమ్మంటాయి. ఒక రకం వాసన లాంటిది వదుల్తాయనుకో. ఆ వాసనని పట్టుకుని...”

అమ్మ కుర్చీలోంచి లేచింది. “వాసనా!”

నా నోటిని నేనే తిట్టుకున్నాను.

“వాసన అన్నావా లేదా? నేనంటే పల్లెటూరి మూఢనమ్మకం, నువ్వంటే శాస్త్రమా? నలభై ఏళ్ళుగా మొత్తుకుంటున్నాను. ఆ వాసన నా ముక్కుకి తగిలింది, నీ నరానికీ తగిలింది. అది ఆ వంటింటివైపు పోయింది, దారి తప్పింది!”

“అమ్మా, ముక్కుతో పీల్చే వాసన కాదది. మాటవరసకి అన్నాను.”

“పెద్ద చదువులు చదివి మాటవరసకి ఎందుకంటావు? ఉన్నదున్నట్టు అను.”

“సరే, ఉన్నదున్నట్టు అంటాను, కూర్చో.”

కూర్చుంది. నేను రెండో బొమ్మ పెట్టాను. ఇంకాస్త పెద్ద పిండం. ఆకుపచ్చ పోగు కంటి వెనక్కి చేరి కండరంలో వేళ్ళు దించి ఉంది.

“ఈ పిల్లకి చేరింది. నాకు చేరలేదు. దారిలో ఎక్కడో ఆగిపోయింది.”

అమ్మ తెర మీద వేలు పెట్టి ఆ పోగుని మొదటినుంచి చివరిదాకా మెల్లగా రాసింది. ఎప్పుడూ అడగని ప్రశ్న అప్పుడు అడిగింది.

“మనుషుల్లో ఇది ఎప్పుడు జరుగుతుందే? ఎన్నో నెలలో?”

“రెండో నెలలో.”

“ఐదో నెలలో కాదా?”

“రెండో నెలలో అమ్మా. ఐదో నెలకల్లా చేరిన నరం చేరింది, రాని నరం రాలేదు. నువ్వు కంచె దగ్గర నిలబడేసరికే అదంతా అయిపోయిన పెళ్ళి. నలభై ఏళ్ళుగా మీరు దానికి మేళం వాయిస్తున్నారు.”

అమ్మ వేలు తెర మీదే ఉండిపోయింది.

“రెండో నెలలో నువ్వున్నావని నాకే తెలీదు” అంది. “తోటలో మిరపకాయల పెట్టెలు మోస్తున్నాను. ఒళ్ళు బరువుగా ఉందంటే పని అలసట అన్నారు.” ఒక్కసారి నావైపు తిరిగింది. “పెట్టెలు మోసినందుకా మరి?”

“కాదు.”

“మరి ఎవరివల్ల?”

“ఎవరివల్లా కాదు. కొన్ని కుటుంబాల్లో వంశంలోనే వస్తుంది. మనలో అదీ వెతికించాను, కనపడలేదు. నా నరం ఎందుకు ఆగిపోయిందో నాకు తెలీదు.”

“తెలీదా? దీనికా నీకు జీతం?”

“దీనికే.”

నవ్వుతుందనుకున్నాను. ఆమె తలగుడ్డ ముడి విప్పి, మళ్ళీ కట్టుకుని, మళ్ళీ విప్పింది. కోపమంటే అమ్మకి తెలుసు. దాన్ని ఎక్కడ పెట్టుకోవాలో, ఎప్పుడు తీసి తుడుచుకోవాలో అన్నీ తెలుసు. ఎవరివల్లా కాదనే మాటని ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఆమె చేతులు ఆ గుడ్డ మీద అలా తిరిగాయి. నాకు చాలా జాలి వేసింది. నెగ్గానన్న సంతోషం ఇసుమంత కూడా లేదు.

“నాకెందుకు ముందే చెప్పలేదు?”

“ఇరవైసార్లు చెప్పాను.”

“చెప్పావు. చూపించలేదు.” ఆ తర్వాత తనలో తను అన్నట్టు అంది. “పసిగుడ్డుని ఎత్తి దాని మొహం మీద పెట్టాను దఫీనా. కళ్ళారా చూసుకో అన్నాను.”

ఆ మధ్యాహ్నం బస్సులో ఊరికి వెళ్ళాం. అమ్మ మా గుమ్మం దాటి, గోడ చివరిదాకా వీధిలో నడిచి, పెద్దమ్మ గుమ్మం ముందు ఆగింది. గోడ కట్టిన దగ్గర్నుంచి ఆ గుమ్మం తొక్కలేదు. “గొళ్ళెం మార్చేసిందే” అని మాత్రం అంది, అదేదో తనని అడక్కుండా చేసినట్టు.

పెద్దమ్మ పొయ్యి పక్కన మంచం మీద ఉంది. ఒళ్ళంతా పసుపు తిరిగింది. చూసుకోడానికి వచ్చే పక్కవీధి ఆవిడ అమ్మని గుర్తుపట్టి గబగబా బయటికి పోయింది. నేను మంచం దగ్గర కూర్చున్నాను. అమ్మ కోటు బొత్తాలు కూడా విప్పకుండా గుమ్మం దగ్గరే నిలబడింది.

“వచ్చావా తల్లీ” అంది పెద్దమ్మ నాతో. ఆ గొంతు నేను దగ్గర్నుంచి వినడం అదే మొదటిసారి. “నిన్ను ఒక్కసారి క్షమించమని అడుగుదామని పిలిచాను.” తర్వాత గుమ్మం వైపు చూసింది. “నువ్వు కూడా వచ్చావేం వెలికా? ఇంకా ఏమైనా మిగిలిందా అనడానికి?”

చెప్పాల్సింది అమ్మే. నేను అందుకోకూడదని చేతులు కట్టుకుని కూర్చున్నాను.

“అక్కా” అంది అమ్మ చివరికి. “నీవల్ల కాదట.”

“ఏంటి నావల్ల కాదు?”

“దాని కన్ను. మెకిత్సలవల్ల కాదు. రెండో నెలలోనే అయిపోయిందట. అప్పటికి నాకే తెలీదు. నేను చూశాను అక్కా, నా కళ్ళతో నేను చూసొచ్చాను. తప్పు నాది. నోటికొచ్చినట్టు అన్నాను, ఊరంతా అనేలా చేశాను. నన్ను తిట్టు. లేవలేకపోతే నేనే దగ్గరికొస్తాను, కొట్టు.”

పెద్దమ్మ పైకప్పు వైపు చూసింది. పొయ్యిలో కట్టె ఒకటి విరిగి కింద పడింది.

“ఆ రోజు ఎందుకు పెట్టలేదో ఎప్పుడూ అడగలేదు నువ్వు” అంది.

“పిసినారితనం అనుకున్నాను.”

“నీకు పెట్టడానికి పిసినారితనమా? నా పెళ్ళినాటి దుప్పటి చింపి నీకు రాబోయే బిడ్డకి పొత్తిగుడ్డలు కుట్టినదాన్ని.” కాసేపు ఊపిరి తీసుకుంది. “అప్పటికి నాకు ఇంకొకటి పోయింది. నాలుగో నెలలో. ఎవరికీ చెప్పలేదు. అంతకుముందువి పోయినప్పుడు అత్త అన్న మాటలు నీకు తెలుసుగా. పేరు పెట్టని బిడ్డకి చర్చిలో ప్రార్థన ఉండదు. నలభయ్యో రోజున దాని పేరు మీద ఎవరికైనా పెడదామని మెకిత్సలు వేశాను. కిటికీలోంచి చూస్తే నువ్వు నిలబడి ఉన్నావు, ఇంత కడుపేసుకుని. చచ్చిన బిడ్డ పేరున చేసిన తిండి కడుపుతో ఉన్న మనిషికి ఎలా పెట్టను వెలికా? నీకు కూడా ఏమైనా అయితే? అందుకని కిటికీ మూశాను. అన్నీ సంచీలో వేసుకుని బస్సుల దగ్గరికి పోయి ముక్కూ మొహం తెలీని వాళ్ళకి పంచి వచ్చాను.”

“నాకు చెప్పొచ్చుగా!” అమ్మ అరిచినట్టు అంది. “ఆ తర్వాతైనా చెప్పొచ్చుగా! నేను పిల్లని ఎత్తి చూపించి అరుస్తుంటే రాయిలా నిలబడ్డావే!”

“ఏమని చెప్పను? పెట్టినా కీడే, పెట్టకపోయినా కీడే. రెండిట్లో ఒకటి ఎంచుకున్నాను, అది తప్పైంది అనుకున్నాను. బిడ్డ బతికింది కదా, కన్నుతో పోయింది కదా అనుకున్నాను.”

అమ్మ గోడకి ఆనుకుని ఏడ్చింది. అమ్మ అలా ఏడవడం నాన్న పోయినప్పుడు కూడా నేను చూడలేదు. నాకు మాత్రం లోపల ఎక్కడో తేలిక పడింది. చెప్పాల్సింది చెప్పేశారు, వినాల్సింది విన్నారు, ఇంక ఈమె హాయిగా కళ్ళు మూస్తుంది అనుకున్నాను. నిజం మందులాంటిదని, చేదైనా పనిచేస్తుందని నా నమ్మకం. చదువుకున్నవాళ్ళకి ఉండే పొగరు అది.

పెద్దమ్మ నా చెయ్యి పట్టుకుంది.

“అయితే ఆ కన్ను నావల్ల కాదా తల్లీ? బొత్తిగా కాదా?”

“కాదు పెద్దమ్మా. బొత్తిగా కాదు.”

ఆమె మొహం వెలుగుతుందని చూస్తున్నాను. వెలగలేదు. చెయ్యి వదిలేసింది.

“నాకంటూ ఒక్కటీ నిలవలేదు” అంది నెమ్మదిగా. “నువ్వు బస్సు దిగి తల అటు తిప్పినప్పుడల్లా అనుకునేదాన్ని, ఆ పిల్లలో అది నాది అని. తప్పే. పాపమే. కానీ నాది. ఊళ్ళో ఎవరి పిల్లలో ఏ ముక్కా నాది కాదు, ఈ పిల్ల కన్ను ఒక్కటీ నాది. దానికోసం రోజూ దణ్ణం పెట్టుకున్నాను. కన్నతల్లి కూడా అంత పెట్టుకుని ఉండదు.” కళ్ళు తిప్పి అమ్మవైపు చూసింది. ఆ చూపులో కోపం లేదు, ఉంటే బాగుండుననిపించింది నాకు. “ఇన్నేళ్ళకి వచ్చి, పోయే ముందు, అది కూడా తీసుకుపోతావా వెలికా?”

ఇన్నేళ్ళ చదువులో ఇలాంటి ప్రశ్న ఒక్కటి కూడా చదవలేదు. కాదు, కొంచెం నీదే అని అబద్ధమాడదామా అనుకున్నాను. నోరు తెరిచాను కూడా. కానీ ఆ మంచం ముందు అబద్ధం రాలేదు. వచ్చింది మా పరిశోధనశాలలో రోజూ చూసే మామూలు సంగతి.

“పెద్దమ్మా, ఒక మాట చెప్తాను. రావాల్సిన నరం రాకపోతే ఆ కండరం ఖాళీగా ఉండిపోవాలి. నరం లేని కండరం బతకదు, ఎండిపోతుంది. నాది ఎండిపోలేదు. ఎందుకంటే పక్కన ఇంకో నరం పోతోంది. దాని పని వేరే, దాని కండరాలు వేరే. అది ఈ దిక్కులేనిదాన్ని చూసి ఒక కొమ్మ ఇటు పంపింది.”

“దానిది కాకపోయినా?”

“దానిది కాకపోయినా.”

“అయితే కన్ను తిరగాలిగా మరి?”

“తిప్పలేదు. దానికి ఈ పని తెలీదు. ఒక్కోసారి ఎదురు లాగుతుంది కూడా. కుడివైపు చూసినప్పుడు నా కన్ను గుంటలోకి పోవడం చూసే ఉంటారు, అది దాని పనే. సాయం చెయ్యడం రాలేదు దానికి. కానీ వచ్చింది. వచ్చి పట్టుకుంది. ఇప్పటికీ పట్టుకునే ఉంది.”

పెద్దమ్మ కనుబొమ్మలు ముడిచి ఆలోచించింది. నేను చెప్పిన తీరు సరిగ్గా లేదేమోనని, వేరే మాటల్లో మళ్ళీ మొదలుపెట్టబోయాను. అప్పుడు అమ్మ గుమ్మం దగ్గర్నుంచి కదిలింది. నన్ను భుజం పట్టి పక్కకి జరిపి మంచం మీద కూర్చుని, పెద్దమ్మ మొహం మీదికి వంగింది.

“పక్కింటిదట అక్కా” అంది. “విన్నావా? నా బిడ్డని ఎండిపోనివ్వకుండా ఇన్నేళ్ళు పట్టుకున్నది పక్కింటిదట. అది నీ దగ్గర్నుంచి నేనెక్కడికి తీసుకుపోతాను?”

పెద్దమ్మ తల అటూ ఇటూ తిప్పడానికి ప్రయత్నించింది, తిరగలేదు. కళ్ళు మాత్రం అమ్మనుంచి నా మీదికి, నా మీదనుంచి అమ్మ మీదికి తిరిగాయి.

అమ్మ కోటు విప్పి మంచం కోడుకి తగిలించింది. చేతులు మోచేతులదాకా మడుచుకుని, పొయ్యిలో కట్టెలు సరిచేసి, దుప్పటి అంచులు పరుపు కిందికి దోపింది. “నువ్వు పో, నీ గుడ్లు చూసుకో” అంది నావైపు తిరక్కుండానే. “నేను ఇక్కడే ఉంటాను.”

పెద్దమ్మ పోయేదాకా, తొమ్మిది రోజులు, అక్కడే ఉంది.